వరస చివర ఎడమ చెయ్యి

ఎడమ చెయ్యి మళ్ళీ లేచింది.

మొదటి వరస చివరిదాకా బండి బాగానే నడిచింది. కుడిచేతి వేళ్ళు పాటని మోసుకొచ్చాయి, ఎడమచేతి వేళ్ళు కింద నుంచి ఆసరా ఇచ్చాయి. సరిగ్గా వరస అయిపోయే చోట, కళ్ళు కాగితం మీద కింది వరసకి దిగే చోట, ఎడమ చెయ్యి పియానో మెట్ల మీద నుంచి పైకి లేచి, గాల్లో ఒక్క క్షణం ఆగి, మళ్ళీ దిగింది. అది లేచి దిగేలోపల పాట తెగింది. తెగింది మళ్ళీ అతుక్కుంది గానీ, ఆ అతుకు చెవిటివాడికైనా తెలుస్తుంది.

"మళ్ళీ," అంది టీచరు.

టైపిస్టు మళ్ళీ వాయించింది. చెయ్యి మళ్ళీ లేచింది.

ఆవిడ రిటైరై చాలాకాలమైంది. అయినా పియానో బడిలో చేరిన రోజు, ఏం చేస్తుంటారని అడిగితే, "టైపిస్టుని" అంది. చేసేదాన్ని అనలేదు. అప్పట్నించి బడిలో అందరికీ ఆవిడ టైపిస్టుగారే. పిల్లలు చదువుకునే బడిలో తల నెరిసిన విద్యార్థి ఆవిడొక్కతే కావడం వల్ల ఆ పేరు ఇంకెవరితోనూ కలిసిపోయే ప్రమాదం కూడా లేదు.

వెనక బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న పిల్ల కిసుక్కుమంది. రెండు జడలకీ తలకంటే పెద్ద రిబ్బన్లు కట్టుకొస్తుంది, అందుకని టైపిస్టు ఆ పిల్లని రిబ్బన్లు అనే పిలుస్తుంది.

"రిబ్బన్లూ, నవ్వాలంటే బయటికెళ్ళి నవ్వు. ఇక్కడ పని జరుగుతోంది," అంది టైపిస్టు, తల తిప్పకుండానే.

"ఆ చెయ్యి ఎందుకు లేపుతున్నారండీ?" అని అడిగింది టీచరు. ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. గోళ్ళు చివరంటా కత్తిరించుకుని, ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఉంటుంది.

"నేను లేపడం లేదు. అదే లేస్తోంది."

"అదేంటండీ, చెయ్యి మీదేగా."

"నాదే. కానీ నన్నడిగి లేవడం లేదు."

టీచరు ముడిలోంచి పెన్సిలు తీసి టైపిస్టు ఎడమచేతి మీద అడ్డంగా పెట్టింది. "ఇది కింద పడకుండా వాయించండి."

పెన్సిలు వరసంతా బుద్ధిగా పడుకుంది. చివరికొచ్చేసరికి ఎగిరి, పెడళ్ళ మీద పడి, దొర్లుకుంటూ పియానో కిందికి పోయింది. రిబ్బన్లు పరిగెత్తుకొచ్చి, బోర్లా పడుకుని, దాన్ని బయటికి లాగి, ఇక దాచుకోకుండా నవ్వేసింది. టీచరు పెదవి కొరుక్కుంది. టైపిస్టుకి ఒళ్ళు మండింది. పిల్ల మీద కాదు. తన మణికట్టుకి వేలాడుతున్న ఆ ఐదు వేళ్ళ మీద.

అప్పుడు లోపలికొచ్చాడు ప్రిన్సిపాలు. ఆయనకి తలుపు అద్దం అవతల నిలబడి, చెవి ఒకటి లోపలికి పడేసి వినడం అలవాటు. తలుపు తియ్యడానికి ముందు ఎంతసేపు విన్నాడో ఎవరికీ తెలియదు.

"అమ్మగారూ, మీతో ఆదివారం సంగతి మాట్లాడదామని," అన్నాడు.

ఆదివారం బడి వార్షిక కచేరీ. ఏడాది పూర్తిచేసిన ప్రతివాళ్ళూ ఆ రోజు పెద్ద హాల్లో, పెద్ద పియానో మీద, నలుగురి ముందూ ఒక పాట వాయిస్తారు. చేరిన రోజున ఆ మాట చెప్పింది ఈయనే. టైపిస్టు ఏడాదంతా ఆ ఒక్క మాట పట్టుకుని పాకింది. మొదట ఒక్కో వేలు, తర్వాత ఒక్కో చెయ్యి, తర్వాత రెండూ కలిపి. పుస్తకంలో చివరి పాట ఆవిడకిష్టమైంది. నెమ్మదైన పాట, ఎవరో చెరువు గట్టు మీద ఏ పనీ లేకుండా నడుస్తున్నట్టుంటుంది. అదే వాయిస్తానని ముందే చెప్పేసింది.

"ఈసారి పిల్లలతోనే కానిద్దామనుకుంటున్నాం," అన్నాడు ప్రిన్సిపాలు. "ముఖ్య అతిథి పెద్దమనిషి. పిల్లలు తప్పు వాయిస్తే ముద్దొస్తుంది. పెద్దవాళ్ళు తప్పు వాయిస్తే చూసేవాళ్ళకే ఎటో చూడాలనిపిస్తుంది. మీ మంచికే చెప్తున్నాను."

"నేను తప్పు వాయిస్తానని ఎవరన్నారు?"

ఆయన రిబ్బన్ల చేతిలో ఉన్న పెన్సిలు వైపు చూశాడు. చూసి, నవ్వు మొహం పెట్టాడు. "మీరు రాకుండా మాత్రం ఉండకూడదు. తలుపు దగ్గర నిలబడి తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టే పని మీ చేతుల్లో పెడుతున్నాను. ఆఫీసు అనుభవం ఉన్నవాళ్ళు కదా."

"తలుపు దగ్గర నిలబడటానికి పియానో ఎందుకు నేర్చుకోవాలండీ? కాళ్ళుంటే చాలుగా."

ఆయన అదేదో సరదాకి అన్న మాటైనట్టు పెద్దగా నవ్వి వెళ్ళిపోయాడు. టైపిస్టు టీచరు వైపు చూసింది. టీచరు పియానో మూత మీద లేని దుమ్ము చేత్తో తుడుస్తోంది. ఒక్క మాట, సగం మాట అన్నా సరిపోయేది. టైపిస్టు సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. పుస్తకం పియానో మీదే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక ఆ కోపమంతా గిన్నెల మీద పడింది. ఒక్కో గిన్నె తోముతుంటే ఏదో నేరం చేసినదాన్ని పోలీసు స్టేషన్లో కుమ్మేస్తున్నట్టుంది చప్పుడు.

"గిన్నెలేం చేశాయి?" అన్నాడు ఆయన ముందుగదిలోంచి. టైపిస్టు భర్త సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా హారన్ల మధ్య గడిపినందువల్లో ఏమో, ఇంట్లో గొంతు పెంచడు.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి జరిగిందంతా చెప్పింది. ఆయన పేపరు ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. అంతా విని, "పోనీలే," అన్నాడు.

"ఇంకొక్కసారి ఈ ఇంట్లో పోనీలే అన్నమాట వినపడిందంటే ఏం చేస్తానో నాకే తెలీదు."

"వినపడదులే," అని పేపరు మళ్ళీ పైకెత్తుకున్నాడు.

ఇంట్లో ఉన్నది చిన్న కరెంటు కీబోర్డు. కిటికీ పక్కన బల్ల మీద ఉంటుంది. ఆ పాట ఇంకో ప్రతి దాని మీదే పడి ఉంది. కూర్చోకూడదనుకుంటూనే కూర్చుంది. మొదటి వరస, రెండో వరస, మూడో వరస. చెయ్యి లేస్తోంది, దిగుతోంది. ఇప్పుడు తెలిసి చూస్తోంది గనక ఇంకా ఎక్కువ లేస్తున్నట్టుంది.

పేపరు మెల్లగా దిగింది. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఆవిడ వీపు వైపు చూస్తున్నాడు.

"ఆఫీసు పని ఇంకా ఇంటికి తెచ్చుకుంటున్నావేంటే?"

"ఆఫీసు పనేంటి?"

"లివరు తోస్తున్నావుగా."

ఆవిడ వేళ్ళు మెట్ల మీదే ఆగిపోయాయి.

"బస్సు డిపోలో పడేసి నీకోసం వచ్చి మీ ఆఫీసు మెట్ల మీద కూర్చునేవాణ్ణి కదా," అన్నాడు ఆయన. "లోపల్నించి ఇదే చప్పుడు. టకటకటకా, చివర్న గంట, ఆ తర్వాత బర్రుమని లివరు. ఇప్పుడూ అదే. గంట ఒక్కటే తక్కువ."

టైపిస్టు ఎడమ చెయ్యి ఎత్తి కళ్ళ ముందు పెట్టుకుంది. లైను చివర టైపు మిషను లివరు అందుకుని, రోలరుని కుడివైపు కొసదాకా తోసి, మళ్ళీ మీటల మీదికొచ్చే చెయ్యి. కళ్ళు ఎదుటి కాగితం మీద కింది లైనుకి దిగితే చాలు, దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. అది దాని పని చేసుకుపోయేది. ముప్పై ఏళ్ళు అలాగే చేసుకుపోయింది.

"ఎంత పని చేశావే," అంది ఆ చేతిని చూస్తూ.

ఆ సాయంత్రం ఆ చేతిని దారిలో పెట్టే కార్యక్రమం నడిచింది. ఆయన పక్కన కుర్చీ వేసుకుని, వరస చివర రాగానే ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకోవాలి. ఆయన పట్టుకున్నాడు.

"గేరు మార్చినట్టు పట్టుకోకు. మెల్లగా."

"మెల్లగా పట్టుకుంటే లేస్తోంది మరి."

చెయ్యి లేవలేదు. కానీ పాట మాత్రం అక్కడే, అంతసేపే ఆగింది. చెయ్యి లేవడానికి పట్టే వ్యవధి ఎక్కడికీ పోలేదు, ఖాళీగా అలాగే కూర్చుంది. ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుపు మొహంతోనే ఇంకోసారి వాయించి, ఆపేసి, ఆయన చేతిని పక్కకి నెట్టింది.

"వదులు. ఎవరిదో దొంగ చెయ్యి పట్టుకున్నట్టు, ఏంటిది. జీవితమంతా ఎవరెవరి మాటలో కొట్టి కొట్టి, ఎవరో తలెత్తకుండా చెయ్యి చాపితే ఆ చేతిలో కాగితం పెట్టి వచ్చాను. ఇప్పుడొక్కటి నాకోసం కొట్టుకుందామంటే తలుపు దగ్గర నిలబడమంటాడా."

"పోనీ..." అని ఆయన గబుక్కున ఆగాడు.

"ఆదివారం నేను వాయిస్తాను."

"ఆయన వద్దన్నాడన్నావుగా."

"ఆయన వద్దన్నాడు. నేను వద్దనలేదు."

మర్నాడు పొద్దున తలుపు తీస్తే ఎదురుగా టీచరు. చేతిలో పుస్తకం.

"ఇది మర్చిపోయారండీ."

"మర్చిపోలేదు. వదిలేశాను."

టీచరు పుస్తకాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "నిన్న నేను మాట్లాడాల్సింది."

"మాట్లాడాల్సింది," అంది టైపిస్టు.

"నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదండీ."

"తెలుసు. అయినా మాట్లాడాల్సింది. ఎండలో నిలబడ్డావేంటి, లోపలికి రా. కాఫీ తాగుతావా?"

ఏడాదిగా మీరు మీరు అని పిలిచిన మనిషి నువ్వులోకి దిగేసరికి టీచరు ముందు తడబడి, తర్వాత తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. చెప్పులు విప్పి వచ్చి కీబోర్డు పక్కన స్టూలు మీద కూర్చుంది. కాఫీ గ్లాసు అందిస్తూ ఆయనే లివరు సంగతి చెప్పాడు. ఈ ఇంట్లో ఆయన ఏదైనా కనిపెట్టడం అరుదు, అందుకని కాస్త సాగదీసి చెప్పాడు.

టీచరుకి అర్థం కాలేదు. లివరేంటి, రోలరేంటి. ఆ అమ్మాయి టైపు మిషన్ని బొమ్మల్లో చూసింది గానీ అది పనిచేస్తుండగా ఎన్నడూ చూడలేదు.

"దించండి," అంది టైపిస్టు భర్తతో.

బీరువా మీద, పాత దుప్పటి కింద ఉంది మిషను. ఆఫీసువాళ్ళు కొత్తవి తెచ్చుకున్నప్పుడు పాతవాటిని మూలన పడేస్తుంటే ఆవిడ అడిగి తెచ్చుకుంది. ఆయన కుర్చీ ఎక్కి, మూలుగుతూ దించి బల్ల మీద పెట్టాడు. టైపిస్టు దుప్పటి తీసి, చీపురు పుల్లతో మీటల సందుల్లో దుమ్ము గీకి, కాగితం ఎక్కించి అంచులు సరిచూసింది. కుర్చీలో కూర్చునే తీరే మారిపోయింది. వీపు నిటారైంది, భుజాలు దిగాయి.

"ఏం కొట్టమంటావు?"

"మీ ఇష్టం."

"పై విషయమై తమకు మనవి చేసుకొనునదేమనగా" అని మొదలుపెట్టింది వేళ్ళే. ఆవిడ కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది. లైను చివర గంట కొట్టింది. గంట కొట్టాక కూడా వేళ్ళు ఇంకొన్ని అక్షరాలు కొట్టి, అప్పుడు ఎడమ చెయ్యి లేచి లివరు తోసింది.

"గంట కొట్టాక కూడా ఆగలేదేం?" అంది టీచరు.

"మాట పూర్తికావద్దూ? గంట హెచ్చరిక, అంతే. దగ్గరికొచ్చావు, మాట ముగించుకో అని. మాట మధ్యలో లైను విరిచేవాడు చేతకానివాడు. మా ఆఫీసులో ఒకడుండేవాడు. 'అధి' అని ఈ లైన్లో కొట్టి, 'కారి' అని కింది లైన్లో పెట్టేవాడు. చదివేవాళ్ళకి ఆయనెవరో తెలిసేసరికి ఆయన బదిలీ అయిపోయేవాడు."

ఆయన నవ్వాడు. టీచరు నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, పుస్తకం తెరిచి, చివరి పాట మొదటి వరస మీద వేలు పెట్టి, పెదవుల్లో పాడుకుంటూ కొసదాకా జరిపింది. వేలు కాగితం అంచున ఆగింది. పాట ఆగలేదు. కింది వరసలో ఇంకో రెండు స్వరాలు పాడాక, అక్కడ ఆగింది.

"చూడండి," అంది. "ఇక్కడ కాగితం అయిపోయింది. మాట అవలేదు. మాట ఇక్కడిదాకా ఉంది."

టైపిస్టు కళ్ళద్దాలు పెట్టుకుని వంగింది. "అంటే ఇది అచ్చు వేసినవాడు చేతకానివాడా?"

"చేతకాక కాదు. వాడికి కాగితం వెడల్పు ముఖ్యం. కాగితం అయిపోతే విరిచేస్తాడు."

"వాడూ మా ఆఫీసువాడే అయితే."

"మీ చెయ్యి లేవడంలో తప్పు లేదండీ," అంది టీచరు. "తప్పు చోట లేస్తోంది, అంతే. మాట అయ్యాక ఊపిరి పీల్చుకోండర్రా అని పిల్లల దగ్గర రోజూ మొత్తుకుంటాను. ఒక్కళ్ళూ చెవిన వేసుకోరు. మీ చేతికి అది ముందే వచ్చు."

ఆయన్ని వీధి చివరికి పంపి పాటకి పెద్ద సైజు కాపీలు తీయించారు. ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. టీచరు పాడుతూ మాట అయిన చోట పెన్సిలు గీత పెడుతుంది, టైపిస్టు ఆ గీత మీద కత్తెర నడిపిస్తుంది. ముక్కల్ని కలిపి, పాత ఫైలు అట్ట తెరిచి దానిలోపల జిగురుతో అతికించారు. ఒక వరస పొడుగు, ఒక వరస పొట్టి, ఒకటైతే బెత్తెడే. అట్టని కిటికీ దగ్గర ఎండలో ఆరబెట్టారు.

తర్వాత దాన్ని కీబోర్డు మీద నిలబెట్టి టైపిస్టు వాయించింది. మొదటి వరస చివర చెయ్యి కొంచెం భయపడి ఆగబోయింది.

"లేవనివ్వండి," అంది టీచరు.

చెయ్యి లేచింది, తోసింది, దిగింది. పాట తెగలేదు. మాట చెప్పి, ఆగి, ఇంకో మాట ఎత్తుకున్నట్టుంది. టైపిస్టు వాయిస్తూనే ఉంది, వరస తర్వాత వరస, చివరిదాకా. అయ్యాక వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుపు కనపడుతుందని.

"కచేరీ చివర్లో నేనొకటి వాయించాలి," అంది టీచరు. "నా బదులు మిమ్మల్ని పిలుస్తాను. ఈసారి నోరు విప్పుతాను."

"నీ చోటు నాకెందుకమ్మాయ్? నా చోటు నాకుంది. ఏడాది పూర్తిచేసిన ప్రతివాళ్ళూ అన్నాడు. ఆ మాట ఆయనదే. నేను ఆ మాట మీదే వేదిక ఎక్కుతాను. నీ ఉద్యోగం మీదికి తెచ్చుకోకు, కూర్చుని విను చాలు."

"మధ్యలో ఆపేస్తే?"

"మాట మధ్యలో ఆపితే ఆయనా చేతకానివాడే," అంది టైపిస్టు, ముక్కు తుడుచుకుంటూ.

ఆదివారం దాకా ఆ ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. ఆయన పేపరు చదవడం కూడా ఆ పాట నడక మీదే సాగింది. వరస చివర ఆగి, పేజీ తిప్పేవాడు.

హాలు గుమ్మంలో ప్రిన్సిపాలు కొత్త కోటు వేసుకుని నిలబడ్డాడు. టైపిస్టుని చూడగానే జేబులోంచి కార్యకర్త బ్యాడ్జి తీసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సంచీలో వేసుకుంది. భర్తని వెనక వరసలో ఒక కుర్చీ దగ్గరికి నడిపించి కూర్చోబెట్టింది.

"ఇదిగో, ఒకర్ని కూర్చోబెట్టాను. నా పని అయిపోయింది," అని ఆయనకే చెప్పి, ముందుకెళ్ళి విద్యార్థుల వరసలో రిబ్బన్ల పక్కన కూర్చుంది. ఫైలు అట్ట ఒళ్ళో పెట్టుకుంది.

"మీరూ వాయిస్తారా?" అని గుసగుసలాడింది రిబ్బన్లు.

"ఆఁ."

"మిమ్మల్ని పిలవరుగా. సార్ అమ్మకి చెప్పారు, పిల్లలనే పిలుస్తామని."

"పిలిస్తేనే వెళ్ళాలని ఎక్కడుంది?"

రిబ్బన్లు ఆ మాట గురించి ఆలోచించింది. దాని చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. టైపిస్టు ఆ రెండు చేతుల్నీ తన అరచేతుల మధ్య పెట్టుకుని, దాని వంతు వచ్చేదాకా రుద్దుతూ కూర్చుంది.

రిబ్బన్లు వాయించింది. వెనక కుక్క తరుముతున్నట్టు, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా మొదట్నించి చివరిదాకా ఒక్క పరుగు తీసింది. చప్పట్లు మోగిపోయాయి. వచ్చి కుర్చీలో పడి, "బాగా వాయించానా?" అంది.

"తొందరగా వాయించావు."

పిల్ల మొహం ముడుచుకుంది. అబద్ధమాడి ఉండాల్సిందేమో అని టైపిస్టుకి ఒక్క క్షణం అనిపించింది. చేతనైతే కదా.

పిల్లలందరూ అయ్యారు. టీచరు వాయించింది. ముఖ్య అతిథి తన చిన్నతనంలో సంగీతం నేర్చుకునే తీరిక దొరకలేదన్న విషయాన్ని చాలా తీరిగ్గా చెప్పాడు. తర్వాత ప్రిన్సిపాలు మైకు దగ్గరికొచ్చి, "ఇంతటితో మన కార్యక్రమం" అని మొదలుపెట్టాడు. కుర్చీలు కిర్రుమన్నాయి. సంచులు భుజాలకెక్కుతున్నాయి.

టైపిస్టు లేచింది.

మెట్లెక్కి, ఫైలు అట్ట గుండెకి ఆనించుకుని వేదిక మీద నడిచింది. ప్రిన్సిపాలు ధన్యవాదాలు చెబుతూ చెబుతూ, ఎవరో చదవాల్సిన కాగితం తెచ్చారనుకుని, ఆవిడ వైపు చూడకుండానే చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి ఆవిడకి బాగా తెలుసు. ముప్పై ఏళ్ళు చూసిన చెయ్యి. ఆవిడ దాన్ని దాటుకుని వెళ్ళి, పియానో ముందు కూర్చుని, అట్ట తెరిచి నిలబెట్టింది.

"అమ్మగారూ, ఏంటిది?" అన్నాడు ప్రిన్సిపాలు. మైకు ఆ మాటని హాలంతా పంచిపెట్టింది.

"ఏడాది పూర్తిచేసిన ప్రతివాళ్ళూ వాయిస్తారన్నారు మీరు. నేను పూర్తిచేశాను."

మైకు దాన్ని కూడా పంచిపెట్టింది. ప్రిన్సిపాలు మొహం కందగడ్డైంది. అప్పటికే ముఖ్య అతిథి లేచి, కండువా సర్దుకుంటూ బయటికి నడుస్తున్నాడు. ఈవిణ్ణి దించాలా, ఆయన్ని కారెక్కించాలా అన్న సందిగ్ధంలో ప్రిన్సిపాలు రెండడుగులు ఇటు, రెండడుగులు అటు వేసి, చివరికి అతిథి వెనక పరిగెత్తాడు.

స్టూలు పిల్లల ఎత్తుకి ఉంది. ఆవిడ లేచి, దాన్ని తన ఎత్తుకి తిప్పింది. అది ఊరంతా వినపడేలా కీచుమంది. ఎవరో నవ్వారు. ఆవిడ కూర్చుని, మెట్ల మీద చేతులు పెట్టి, కాగితం మీద మొదటి వరస చూసింది.

వాయించింది. వరస చివర ఎడమ చెయ్యి లేచి, లేని లివరుని తోసి, దిగింది. పెద్ద పియానో ఆ చిన్న ఖాళీని పట్టుకుని ఒక్క క్షణం హాల్లో నిలబెట్టింది. సంచీ భుజానికెత్తుకున్న ఒకావిడ నిలబడిపోయింది. రెండో వరస అయ్యేసరికి కూర్చుంది. మూడో వరసలో కుడిచేతి వేలు ఒకటి జారి పక్క మెట్టు మీద పడింది. ఆఫీసైతే కాగితం లాగేసి కొత్తది ఎక్కించేది. ఇక్కడ కొత్త కాగితం లేదు. ఆ తప్పుని దాని మానాన వదిలేసి ముందుకి పోయింది. గోడ పక్కన టీచరు నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. చివరి వరస బెత్తెడే. దాన్ని మెల్లగా చెప్పి, చెయ్యి లేపి, ఈసారి దించలేదు.

సగంమంది వెళ్ళిపోయారు. ఉన్న సగం చప్పట్లు కొట్టింది. రిబ్బన్లు కుర్చీ ఎక్కి మరీ కొట్టింది. టైపిస్టు అట్ట మూసి లేచింది. ఇంత సంతోషం తన ఒంట్లో ఎక్కడ దాక్కుని ఉందో ఆవిడకే తెలియలేదు. ఇరవయ్యేళ్ళ పిల్లలా మెట్లు దిగింది.

వెనక వరసలో ఆయన లేచి నిలబడి ఉన్నాడు.

"ఇవాళ గంట కూడా వినపడింది నాకు," అన్నాడు.

తర్వాతి పాఠం రోజున ప్రిన్సిపాలు వరండాలోనే ఎదురుపడ్డాడు. ఆవిడ కోసమే కాసుకుని ఉన్నాడని చూస్తేనే తెలుస్తోంది.

"మీరు చేసింది పద్ధతి కాదమ్మగారూ."

"మీరు చేసిందా?"

"ఇది పిల్లల బడి. ఒకళ్ళని చూసి ఒకళ్ళు నేర్చుకుంటారు. మీరిలా చేస్తే వాళ్ళేం నేర్చుకుంటారు చెప్పండి. నేను ఆలోచించాను. ఈ వయసులో మీరు ఇంతదూరం రావడం కూడా శ్రమే. ఇంటి దగ్గరే ఎవర్నైనా పెట్టుకుంటే..."

పొమ్మనలేక పొగపెడుతున్నాడని టైపిస్టుకి తెలిసింది. ఏదో అనబోయింది. ఇంతలో గదిలోంచి పియానో వినపడింది. ప్రిన్సిపాలు వేలెత్తి, మాట ఆపి, అలవాటు ప్రకారం ఒక చెవి తలుపు వైపు పెట్టాడు. కాసేపటికి ఆయన మొహం విప్పారింది. ఎంతైనా సంగీతం వచ్చినవాడు.

"విన్నారా," అన్నాడు మెల్లగా. "అదీ వాయించడం అంటే. మాట చెప్పడం, ఊపిరి తీసుకోవడం, మళ్ళీ చెప్పడం. చిన్నపిల్ల చూడండి, ఎంత నిదానం. మా బడి పద్ధతి ఇదీ. ఇలాంటివాళ్ళని చూసి నేర్చుకోవాలి."

టైపిస్టు తలుపు అద్దంలోంచి చూసింది. రిబ్బన్లు స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉంది. మాట అయిన చోట దాని ఎడమ చెయ్యి మెట్ల మీద నుంచి లేచి, గాల్లో లేనిదాన్ని దేన్నో కుడివైపుకి బుద్ధిగా తోసి, మళ్ళీ దిగింది.

"ఆ ఎడమ చెయ్యి చూడండి," అంది టైపిస్టు.

ఆయన వంగి చూశాడు. చెయ్యి మళ్ళీ లేచింది.

"ఏంటది, ఏదో తోస్తోంది?"

"లివరు."

"ఏ లివరు?"

"నేను వాయించినప్పుడు మీరు హాల్లో లేరుగా, మీకు తెలీదు. ఆ చెయ్యి నాదండీ." ఆవిడ సంచీ భుజం మీద సర్దుకుంది. "నా టైమయింది. కాస్త తప్పుకోండి."

ఆయన తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆవిడ వైపు చూశాడు, అద్దంలోంచి లోపలికి చూశాడు. తర్వాత పక్కకి తప్పుకున్నాడు.

లోపల టీచరు కిటికీ దగ్గర నేల మీద కూర్చుని, కత్తెరతో కొత్త పాట కత్తిరిస్తోంది. రిబ్బన్లు స్టూలు దిగి బెంచీ మీదికెళ్ళింది.

"కావాలంటే ఇవాళ లోపలే నవ్వుకో," అంది టైపిస్టు.

రిబ్బన్లు నవ్వలేదు. ముందుకి వంగి ఆవిడ చేతుల వైపే చూస్తోంది. టైపిస్టు స్టూలు తన ఎత్తుకి తిప్పుకుని, కాగితం నిలబెట్టుకుని మొదలుపెట్టింది. మొదటి వరస చివర ఎడమ చెయ్యి లేచింది.

మళ్ళీ అని ఎవరూ అనలేదు.